గంగమ్మ జాతరకు మా వీధి గోడ మీద వేషాల బొమ్మలు వేయాలి, ఎలా మొదలుపెట్టాలి?

గుంటవీధి అమ్మాయి:

అందరికీ నమస్కారం. మాది తిరుపతి పాత ఊరు. తాతయ్యగుంట గంగమ్మ గుడి మా ఇంటి నుంచి నడిచిపోయేంత దూరం. మా వీధి మలుపులో పొడవాటి ప్రహరీ ఒకటి ఉంది. పాత సున్నపు గోడే, మధ్యలో కొంత మేర ఎవరో పెయింట్ వేయించారు, మిగతాదంతా పోస్టర్ల చింపులు. బొమ్మలు వేసుకోండమ్మా అని గోడ సొంతదారు ఒప్పుకున్నారు. మే నెలలో జాతర వచ్చేలోపు వీధిలోని ఆడవాళ్ళం, పిల్లలం కలిసి జాతర వారంలో రోజుకొకటి చొప్పున కట్టే అమ్మవారి వేషాలన్నీ ఆ గోడ మీద వేయాలని అనుకున్నాం.

అనుకున్నాక చిక్కులు మొదలయ్యాయి. తెలిసినాయన ఒకరు డిజైన్ పంపించారు. మీరు చందాలు వసూలు చేసి ఇస్తే చాలు, మిగతాది మా కుర్రాళ్ళు స్ప్రేతో చకచకా కొట్టేస్తారు అన్నారు. ఆ డిజైన్‌లో ఉన్నది ఏ ఊరి అమ్మవారో నాకు అర్థం కాలేదు. చేతిలో త్రిశూలం, వెనక సింహం, చుట్టూ మంటలు. బైరాగి లేడు, తోటి లేడు, సున్నపు కుండలు లేవు. ఇది మా జాతర కాదు అని నేను గట్టిగానే చెప్పాను. దాంతో ఇప్పుడు పని మొత్తం నా నెత్తిన పడింది, కొంచెం టెన్షన్‌గానే ఉంది.

వీధిలో పెద్దవాళ్ళకు ఇంకో భయం. రోడ్డు పక్క గోడ మీద అమ్మవారి బొమ్మ వేస్తే ఉమ్మేవాళ్ళు ఉమ్ముతారు, కాలు ఆనించేవాళ్ళు ఆనిస్తారు, ఆ పాపం ఎవరికి చుట్టుకుంటుంది అంటున్నారు. బండ వేషం వద్దనేవాళ్ళు కూడా ఉన్నారు. ఆ రోజు నోటికొచ్చిన తిట్లు తిడతారు కదా, పిల్లలు చూసే గోడ మీద అదెందుకు అని. ఇక రంగుల సంగతి. మన కాళహస్తి కలంకారీ రంగులు ప్రకృతి రంగులే కదా, గోడకు కూడా వాటినే వాడితే బాగుంటుందని మా వాళ్ళ కోరిక. కుదురుతుందా? ఈ పని తెలిసినవాళ్ళు ఎవరైనా చెప్పండి.

కరక్కాయ:

అమ్మా, మాది శ్రీకాళహస్తి. కలంకారీ మా ఇంటి పని, మా నాయన దగ్గర నేర్చుకున్నాను. రంగుల మాట ముందు చెప్పేస్తాను.

కలంకారీ రంగులు గోడకు పనికిరావు. మా రంగు గుడ్డతో కలిస్తేనే రంగు అవుతుంది. ముందు గుడ్డను కరక్కాయ పొడి, గేదె పాలు కలిపిన నీళ్ళలో ముంచి ఎండబెడతాం. పాలలోని కొవ్వు వల్ల గీత పక్కకు పాకదు, కరక్కాయలోని వగరు వల్ల నలుపు పడుతుంది. ఆ నలుపును కసిమి అంటాం. తుప్పు పట్టిన ఇనుప ముక్కలు, బెల్లం, నీళ్ళు కుండలో పోసి వారాల తరబడి ఊరబెడితే కసిమి తయారవుతుంది. కలంతో ముంచి తీసేటప్పుడు అది లేత గోధుమ రంగు నీళ్ళే. కరక్కాయ పట్టిన గుడ్డను తాకాక కళ్ళ ముందే నల్లబడుతుంది. అదే కసిమితో మీ గోడ మీద గీశారనుకోండి, తుప్పు మరక మిగులుతుంది. ఎరుపుకు పటిక నీళ్ళు పట్టించాలి, రంగు చెక్కలతో ఉడకబెట్టాలి, పారే నీళ్ళలో ఉతకాలి. అన్నీ అయ్యాకే ఎరుపు తేలుతుంది. గోడకు ఇవేవీ చేయలేం కదా.

మీకు కావలసిన రంగులు జాతరలోనే ఉన్నాయి. బుధవారం బైరాగి వేషం, ఒళ్ళంతా నామకొమ్ము తెలుపు. గురువారం బండ వేషం, కుంకుమ ఎరుపు. శుక్రవారం తోటి వేషం, బొగ్గు నలుపు. శనివారం దొర వేషం, గంధం. ఆదివారం మాతంగి, చీర కట్టిన వేషం. సోమవారం సున్నపు కుండలు, ఒంటి నిండా సున్నపు చుక్కలు, తల మీద కుండ. మంగళవారం జాతర. గోడను ఇదే వరుసలో ముక్కలు చేసి, ఏ ముక్కకు ఆ రోజు రంగే వెనకాల నిండుగా వేయండి. దూరం నుంచి చూసినా తిరుపతి మనిషికి ఇది మన జాతర అని తెలిసిపోతుంది. వరుస ఏ కొస నుంచి మొదలుపెట్టాలంటే, గుడికి నడిచిపోయేవాళ్ళకు ముందు బైరాగి కనపడాలి.

పాత సున్నపు గోడ అన్నారు కాబట్టి సున్నంతోనే పొండి. పెయింట్ వేసిన ముక్క మాత్రం ఇనుప బ్రష్‌తో గార కనపడేదాకా గీకించాలి. పెయింట్ మీద సున్నం పట్టదు, పెచ్చులుగా లేచిపోతుంది. రాతి సున్నం తొట్టిలో వేసి నీళ్ళు పోస్తే కుతకుతలాడి పొగలు కక్కుతుంది. ఆ పని పెద్దవాళ్ళే చేయాలి, పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి. తడి సున్నం కంట్లో పడినా ప్రమాదమే. రాత్రంతా వదిలేసి మర్నాడు గుడ్డలో వడగట్టి, నానబెట్టిన తుమ్మబంక నీళ్ళు కలపండి. ఎరుపుకు జాజు (ఎర్రమట్టి రంగు), నలుపుకు మెత్తగా నూరి జల్లించిన బొగ్గు చాలు, రెండూ సున్నంలో చెడిపోవు. గంధం రంగుకు పసుపు మట్టి రంగు పొడి తీసుకోండి, సున్నంలో కలిపే రకం అని అడిగి మరీ తీసుకోండి. వంటింటి పసుపు మాత్రం కలపొద్దు. సున్నం తగిలితే పసుపు ఎర్రబడిపోతుంది, ఆ ఎరుపు కూడా ఎండకు నిలవదు.

మన ఊళ్ళ ఎండలు మీకు తెలిసినవే. పొద్దు ఎక్కకముందే పని ముగించండి. పూసే ముందు గోడ మీద నీళ్ళు చల్లండి, పూతలు పలచగా రెండు మూడు వేయండి. ఎండిన గోడ మీద మందంగా పూస్తే సున్నం పొడి పొడిగా చేతికి అంటుకుంటుంది.

దీనివల్ల బొమ్మ ఏడాదికి వెలిసిపోతుందని మీరు అనొచ్చు. వెలిసిపోనివ్వండి అంటాను నేను. జాతర ఆఖరున గుడి ముందు మట్టితో అమ్మవారి విశ్వరూపం చేస్తారు. ఎంత పెద్ద రూపం, ఎంత మంది చేతులు! తెల్లవారేసరికి ఆ రూపం చెంప నరికాక దాని మట్టి కోసం జనం ఎగబడతారు, పిడికెడు దొరికితే ఇంటికి తీసుకుపోయి దాచుకుంటారు. మళ్ళీ ఏడాది మళ్ళీ కొత్త మట్టి. మన దగ్గర ఊరంతా కలిసి చేసే కళ ఇలాగే నడిచింది. మీ గోడ కూడా ఏటా జాతర చాటింపుకు ముందు వెల్ల వేసి మళ్ళీ రాసుకునేదిగా ఉంటే, ఈ ఏడు రంగు కలిపిన పిల్ల వచ్చే ఏడు బొమ్మ గీస్తుంది. పదేళ్ళు నిలిచే పెయింట్‌తో ఒక్కసారి వేయిస్తే ఆ పదేళ్ళూ మీ వీధిలో ఎవరూ కుంచె పట్టరు.

ఇక పెద్దవాళ్ళ భయం. వాళ్ళ మాట తీసేయకండి, అందులో న్యాయం ఉంది. అమ్మవారి మూలరూపం గోడ మీద వేయకండి. వేషం కట్టిన మనుషుల్నే వేయండి. నడుము ఎత్తు వరకు గుడి గోడలకు ఉన్నట్టు ఎరుపు, తెలుపు పట్టీలు కొట్టండి, బొమ్మలన్నీ దాని పైన రావాలి.

ఒక్క పని మాత్రం తప్పకుండా చేయండి. గుడి తరఫున ఈ వేషాలు కట్టేది కైకాల వంశం వాళ్ళు. గంగమ్మ తిరుపతి పక్కన అవిలాలలో వాళ్ళ ఇంటనే పెరిగిందని కథ. గీత గీయకముందే తాంబూలం తీసుకుని వాళ్ళ పెద్దల దగ్గరికి పోయి, ఏది వేయొచ్చు, ఏది కూడదు అని అడగండి. వాళ్ళు కూర్చుని చెప్పే సమయానికి చందాల్లోంచి గౌరవంగా ఇవ్వండి. రంగుల షాపుకు డబ్బు కడతాం, కథ చెప్పినవాళ్ళకు మాత్రం దండం పెట్టి వచ్చేస్తాం. నాకు ఇది ఏనాడూ సరిగ్గా అనిపించలేదు.

వేపమండ:

అమ్మాయీ, నేను కూడా తిరుపతే, పెళ్ళయి వచ్చినప్పటి నుంచి జాతర చూస్తున్నా. మా వాడికి చిన్నప్పుడు ఒంట్లో బాగాలేకపోతే తోటి వేషం కట్టిస్తానని మొక్కుకున్నాను. బొగ్గు మెత్తగా నూరి నీళ్ళలో కలిపి పూస్తే చెవుల వెనక, వేళ్ళ సందుల్లో తెల్లగా మిగిలిపోతుంది. అక్కడ వేలితో అద్దాలి. నడుముకు, చేతులకు వేపమండలు, కాళ్ళకు గజ్జెలు. మొదట నవ్వుతూనే ఉన్నాడు, గుడి దగ్గర డప్పులు వినపడగానే నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. మీరు తోటి బొమ్మ వేసేటప్పుడు పక్కన చెయ్యి పట్టుకున్న తల్లిని కూడా వేయండి. ఈ వేషాలు పెద్ద వేషగాళ్ళవి మాత్రమే కావు, ఇంటింటి మొక్కులు. గోడ మీద అదీ కనపడాలి.

బండ వేషం తీసేస్తే కథ తెగిపోతుంది. ఆడపిల్లల్ని చెరిచే పాలెగాడు అమ్మకు భయపడి దాక్కున్నాడు. వాణ్ణి బయటికి లాగడానికే అమ్మ రోజుకో వేషం కట్టింది. ఆ తిట్లు వాడికే తగులుతాయని మా అత్త చెప్పేది. నాలుగో రోజు దొర వేషంలో వస్తే నిజంగానే దొర వచ్చాడనుకుని వాడు బయటపడ్డాడు, అమ్మ తల తీసింది. మర్నాడు మాతంగి వేషంలో వాడి పెళ్ళాన్ని ఓదార్చడానికి పోయింది. నాకు ఈ కథలో అన్నిటికన్నా ఇష్టమైనది అదే. చంపిన చేతులతోనే వాడి ఇంటి ఆడమనిషి కన్నీళ్ళు తుడవడం. మీ గోడ మీద మాతంగికి ఎక్కువ చోటు ఇవ్వండి. ఇక బండ వేషానికి తిట్లు రాయాల్సిన పని లేదు. ఎర్రటి ఒళ్ళు, తెరిచిన నోరు వేస్తే చూసిన ప్రతివాడికీ అర్థమవుతుంది.

జాతర రోజు మగవాళ్ళు చీర కట్టి, జడ వేసి, పూలు పెట్టుకుని మొక్కు తీర్చుకుంటారు కదా, దాన్నీ మరిచిపోవద్దు. మీసాలు తీయకుండా చీర కట్టినవాళ్ళు కూడా ఉంటారు. అట్లాగే వేయండి, అందంగా మార్చకండి.

భారతం మిట్ట:

నాది చిత్తూరు పక్క పల్లె. మా ఊరి ధర్మరాజుల గుడి దగ్గర భారతం జరిగితే పగలు హరికథ, రాత్రి నాటకం. కరక్కాయ అన్నా, మీరు చెప్పిన విశ్వరూపం మాట చదివి మా దుర్యోధనుడు గుర్తొచ్చాడు. భారతం మిట్ట మీద మట్టితో వెల్లకిలా పడుకోబెట్టి చేస్తారు. దాని మీదే భీముడి వేషగాడు, దుర్యోధనుడి వేషగాడు గదలు పట్టుకుని పరుగులు తీస్తారు. తొడ విరిగాక ద్రౌపది జుట్టు ముడి వేసుకుంటుంది, ఆ సాయంత్రం అగ్నిగుండం. అర్జున తపస్సు రోజు మాను కింద బిడ్డల కోసం తడి చీరలతో సాష్టాంగ పడి ఉండే ఆడవాళ్ళను, పైనుంచి వేషగాడు పద్యం పాడుతూ విసిరే పండును చూస్తే ఎవరికైనా ఒళ్ళు పులకరిస్తుంది.

అయితే ఒక విషయంలో మీతో ఏకీభవించలేను. ఏడాదికి వెలిసిపోయేది చాలు అనడం గంగమ్మ జాతరకు సరిపోతుంది, ఎందుకంటే దానికి జనం తగ్గలేదు. మా వీధి నాటకం సంగతి అట్లా లేదు. వేషగాళ్ళు వయసు మీద పడి ఇళ్ళలో కూర్చున్నారు. భుజకీర్తులు, కిరీటాలు అటక మీద ఉన్నాయి. కర్ర చెక్కి అద్దాలు, రంగు కాగితాలు అతికించిన కిరీటం ఎట్లా కడతారో చెప్పగలిగినవాళ్ళు మా మండలంలో తక్కువ మందే మిగిలారు. ఇలాంటి చోట నిలిచిపోయే బొమ్మ ఒకటి కావాలి. ఊరి స్కూలు గోడ మీద ఆ వేషాలు గట్టి పెయింట్‌తో వేసి ఉంటే, రేపు ఎవరైనా మళ్ళీ కట్టాలనుకున్నప్పుడు చూసుకుని కడతారు. కాదంటారా?

కరక్కాయ:

అన్నా, మీ బాధ నాకు తెలుసు. మా పనికీ ఆ గతే పట్టింది ఒకప్పుడు. 1950ల చివర కమలాదేవి చటోపాధ్యాయ గారి చొరవతో కాళహస్తిలో శిక్షణ కేంద్రం పెట్టేనాటికి కలం పట్టేవాళ్ళు కొద్దిమందే మిగిలారు. మన పక్కన తయారైన పాత గుడ్డలు విదేశాల మ్యూజియంలలో భద్రంగానే ఉన్నాయి. అవి అక్కడ ఉన్నందువల్ల ఇక్కడ పని నిలబడలేదు. తెలిసినవాళ్ళను కూర్చోబెట్టి, పిల్లలకు స్టైపెండ్ ఇచ్చి నేర్పించారు, దానివల్ల నిలబడింది. మా ఊళ్ళోనే జొన్నలగడ్డ గురప్ప చెట్టి గారికి 2008లో పద్మశ్రీ వచ్చిందంటే ఆ నేర్పడం వెనకాల ఉంది కాబట్టే.

మీ స్కూలు గోడ మీద గట్టి పెయింట్‌తోనే వేయించండి, కాదనను. కానీ బొమ్మ గీసే ముందు అటక మీది కిరీటం కిందికి దించి, ఆ పెద్దాయన చేతే పిల్లల ముందు ఒక కొత్తది కట్టించండి. బొమ్మ చూసి అద్దం ఎక్కడుందో తెలుస్తుంది గానీ, దాన్ని ఏ జిగురుతో అతికించారో, వేషగాడు గెంతినప్పుడు జారకుండా దారం ఎక్కడ ముడి వేశారో తెలియదు. వీలైతే వెనక వైపు కూడా బొమ్మ వేయండి. కిరీటం వెనకాల ఎట్లా ఉంటుందో ఎవరూ గీయరు, కట్టేవాడికి ముందు కావలసింది అదే.

గుంటవీధి అమ్మాయి:

అన్నా, అక్కా, మీరు రాసినవన్నీ వీధిలో పెద్దవాళ్ళకు చదివి వినిపించాను. మూలరూపం వేయడం లేదు, కింద పట్టీలు కొడతాం అన్నాక వాళ్ళు మెత్తబడ్డారు. కైకాల పెద్దల్ని కలవడానికి మా జేజి (అవ్వ) నాతో వస్తానంది. జేజికి కథ మొత్తం వచ్చు. అయితే వేపమండ అక్క చెప్పిన దానికి, జేజి చెప్పేదానికి చిన్న చిన్న తేడాలు ఉన్నాయి. గోడ మీద కథ కూడా రాయాలనుకుంటున్నాం. ఎవరిది రాయాలి? ఇంకొకటి, ఆఖరి ముక్కలో మట్టితో విశ్వరూపంలాగా మేమే చేసి, ఆ తెల్లవారే తీసేద్దామని పిల్లలు అడుగుతున్నారు. చేయొచ్చా?

వేపమండ:

మీ జేజి చెప్పిందే రాయండమ్మా. మీ వీధి గోడ అది. మా అత్త కథ మా వీధికి ఉంది.

కరక్కాయ:

జేజి చెప్పిందే రాయండి, ఆమె మాటల్లోనే రాయండి. మా పెద్ద కలంకారీ గుడ్డల్లో నడుమ పెద్ద బొమ్మ, చుట్టూ వరుసల్లో కథ, ఆ వరుసల వెంట తెలుగు రాత ఉంటుంది. ఆ రాత లేకపోతే చూసేవాడికి కథ చెప్పడానికి పక్కన మనిషి కావాలి. బొమ్మకు ఒక్క వాక్యం చాలు, అది చేతిరాతలోనే ఉండాలి, ప్రింటు అక్షరాలు అతికించకండి. కింద జేజి పేరు కూడా వేయండి, ఆమెకు ఇష్టమైతే.

మట్టి రూపం సంగతి నేను చెప్పేది కాదు. విశ్వరూపం గుడి ముందు, ఆ హక్కు ఉన్నవాళ్ళ చేతుల మీదుగా జరిగేది. వీధిలో ఇంకోటి చేస్తే కొందరికి తప్పుగా తోచవచ్చు. కైకాల పెద్దల దగ్గరికి పోయినప్పుడు ఇది కూడా అడగండి. వద్దంటే ఆఖరి ముక్కకు ఎర్రమట్టి, పేడ కలిపి అలికి ఖాళీగా వదిలేయండి. జాతర మర్నాడు పిల్లలు దాని మీద వాళ్ళకు తోచిన ముగ్గు వేసుకుంటారు.

సున్నం మాత్రం ఇప్పుడే కొనిపెట్టుకోండి, మంచి రాతి సున్నం అన్ని షాపుల్లో దొరకడం లేదు. కొన్నాక గాలి తగలకుండా మూత గట్టిగా బిగించండి, చెమ్మ తగిలితే పొడైపోతుంది. రంగు కలిపే రోజు చెబితే పొద్దున బస్సుకు నేనే వస్తాను.